బంతి ముట్టని వీరుడు

రఘూ,

నీ అభిమాన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఈ ఉదయం రిటైరయ్యాడు. బంతితో దూసుకొచ్చేవాణ్ణి పట్టి పడెయ్యడమే జీవితమంతా వాడు చేసిన పని. తీరా వీడ్కోలులో టీవీ వాళ్ళు ఏం చూపించారో తెలుసా? ఎప్పుడో ఒక్కసారి బంతి చేతికి చిక్కి, వాడు పరుగెత్తిన ఆ ఒక్క ముక్క! మరి ఆపినవన్నీ ఏమయ్యాయి?

ఐటీ జోరు మీదున్న ఆ రోజుల్లో, సింగపూర్‌లో మన యీషున్ ఫ్లాట్‌లో, సోమవారం పొద్దున్నే టై కట్టుకుంటూ "పట్టు! నడుం పట్టు!" అని టీవీ మీద అరిచేవాడివి. ఖమ్మం కాలేజీలో కబడ్డీ పట్టులు పట్టినవాడివి కదా.

"కండల వ్యాపారంరా ఇది" అని, కాలేజీలో ఎర్రజెండా పట్టిన నేను తిట్టేవాణ్ణి.

"కూతకొచ్చినోడికే చప్పట్లు కొడ్తవ్, పట్టినోన్ని లెక్కజెయ్యవ్. నువ్వేం కమ్యూనిస్టువిరా?" అనేవాడివి.

నీ సంతాపసభలోనూ ఇదే తంతు. బ్యాంకు సిస్టం కూలకుండా ఏళ్ళ తరబడి కాపాడినవాడివి నువ్వు. మేనేజరు మాత్రం నువ్వు మొదలుపెట్టిన ఒకే ఒక్క కొత్త ప్రాజెక్టును పొగిడి కూర్చున్నాడు.

ఈవేళ టీవీ మీద నేనే అరిచాను. మా అమ్మాయి నవ్వి, తన సింగపూర్ ఇంగ్లీషులో అంది.

"నాన్నా, యూ హేట్ దిస్ గేమ్ లా!"

"ఇప్పటికీ అంతేనమ్మా. కానీ వాడు మీ రఘు బాబాయి మనిషి."

ఆట మీద నా అభిప్రాయం మారలేదు రఘూ. "నువ్వేం కమ్యూనిస్టువిరా" అని నువ్వడిగిన ప్రశ్నకే ఇంకా జవాబు దొరకలేదు.