సింకు కింద సందు

కింది అంతస్తులో కూర్చుని మా భవనం మరమ్మతులు చూసే ఆఫీసరు గారికి,

మూడో అంతస్తు మూలింటి ముసలమ్మ చెప్పి రాయిస్తున్నది. రాసేది మనవరాలు. తిట్లన్నీ తీసేస్తానంటోంది కాబట్టి మర్యాదగానే ఉంటుంది.

చలిగాలి రాకుండా మీ పనివాళ్లు కిటికీల సందులన్నీ నురగలాంటి మందుతో మూసి, గోడల్లో దూదిలాంటిదేదో కూరి వెళ్లారు. పని బాగుంది, అబద్ధమాడను. హీటరు తగ్గించినా కాళ్లు కొంకర్లు పోవడం లేదు. కానీ సింకు కింద గొట్టం పక్కనున్న సందు ఎవరు మూయమన్నారు? అది బయటికి పోదు, పక్కింట్లోకి పోతుంది. అందులోంచి చలెలా వస్తుందయ్యా?

పక్కింట్లో ఉండేది నా తోడికోడలు. ఒంటరిది. మా ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. తప్పు ఆవిడదే. అయినా పొద్దున్నే ఆ సందులోంచి ఆవిడ దగ్గు వినబడితేనే నేను పొయ్యి వెలిగిస్తాను. మీవాళ్లు మూసిన దగ్గర్నుంచి చప్పుడే లేదు. గోడకు గ్లాసు ఆనించి కూడా విన్నాను. కూర్చోలేను, పడుకోలేను.

"వెళ్లి తలుపు కొట్టొచ్చుగా నానమ్మా!" అంటోంది ఇది.

"ముందు నేనా? నోరు మూసుకుని రాయవే" అన్నాను.

ఆ సందు వేలెడంత తెరిపించండి. దానికి ఆవిడా ఒప్పుకోవాలిగా, మీరే వెళ్లి అడగండి. నేను రాయించానని మాత్రం చెప్పకండి. వేలిముద్ర కింద వేశాను. అది చూస్తూ కూర్చోకుండా లేచి పైకి రండి. తలుపు కొట్టండి. తీయకపోతే ఇంకా గట్టిగా కొట్టండి. నేను మా గుమ్మంలోనే నిలబడి ఉంటాను.