దీవెనకి తాళం పడిపోయింది బావా

సత్తియ్య బావా,

ఎల్లుండి ధనశ్రీ నిశ్చితార్థానికి పొద్దున్నే బుచ్చయ్యపేట దిగిపోతాం. ఇది మీ చెల్లి ఫోన్లోంచి కొడతన్నాను. నా ఫోను తెరుచుకోట్లేదు.

మోకాళ్ళ నొప్పులతో రాలేనని మీ అమ్మ మనవరాలికి దీవెన నా ఫోన్లో రికార్డు చేయించింది. అందరి ముందూ వినిపించమంది. అంత విలువైంది పోకూడదని నా బెల్లం కొట్టుకొచ్చేక ఫోనుకి లాక్ పెట్టేను. అప్పుడే నీ బెల్లం దిమ్మ తూకం వేసేను, బొటనవేలి నిండా బెల్లమే. ఆ వేలే పెట్టేను. నంబరు కూడా అడిగింది. ఏదో కొట్టి, మర్చిపోతానని దిమ్మకి చుట్టిన కాగితం మీద రాసేను. ఆ దిమ్మ నీకు పంపేసేను.

చెయ్యి కడిగేక ఫోను నన్ను గుర్తుపట్టట్లేదు బావా! "నువ్వు శుభ్రంగా ఉంటే ఫోను కూడా నమ్మట్లేదు" అని మీ చెల్లి ఒకటే నవ్వు. కొట్లో వేరే బెల్లం రాసి చూసేను. చీమలొచ్చేయి గానీ తాళం రాలేదు.

దీవెన మళ్ళీ ఒకసారి సెప్పు అత్తా అని ఎలమంచిలిలో మీ అమ్మకి ఫోన్ చేసేను. "ఒకపాలి దీవించేసేను గదరా! మళ్ళీ మళ్ళీ దీవిత్తే పలసబడిపోద్ది" అని పెట్టేసింది.

అక్కని ఆ కాగితం పారెయ్యొద్దను. పొయ్యిలో పెట్టేసుంటే, బూరెల్లోకి దిమ్మంతా వేసెయ్యకుండా నా బొటనవేలికి సరిపడా ముక్క ఉంచమను. పిల్ల పీట మీద కూచునేలోపు తెరవాలి.

నువ్వు ఎప్పుడైనా లాక్ పెడితే ముందు చెయ్యి కడుక్కో.

బెల్లం నీది, చీమల్ని మాత్రం నేనే తెత్తాను.

నీ బావమరిది