వంతెన దగ్గర పెట్టవలసిన బోర్డు

జూలై 9, 2001, సోమవారం

బందరు కాలువ మీది చెక్కవంతెన పలకలు కుళ్ళిపోయాయని మా ఆఫీసుకు రిపోర్టు అందింది. హెచ్చరిక బోర్డు పెట్టాలని నిర్ణయించాం. ‘ఈ వంతెనపై నడవరాదు’ అన్న తెలుగు వాక్యం నిమిషంలో ఖరారైంది. అయితే రెండు భాషలూ ఒకేసారి ఉండాలన్నది నిబంధన. ఇంగ్లిషు డ్రాఫ్టు నాకు అప్పగించారు. మా ఆఫీసులో ఇంగ్లిషు అంటే నేనే. ‘డూ నాట్ వాక్ ఆన్ దిస్ బ్రిడ్జ్’ అని రాసి సమర్పించాను.

జూలై 12

సూపరింటెండెంటు సూర్యప్రకాష్ గారు ‘ఆన్’ కొట్టేసి ‘ఓవర్’ వేశారు. ఇంజినీరు హేమసుందర్ గారు ‘అక్రాస్’ అన్నారు. నేను అంగీకరించలేదు. అక్రాస్ అంటే అవతలి గట్టు చేరేవాడికే వర్తిస్తుంది. సగంలో నిలబడేవాణ్ణి కూడా ఆపడం మన ఉద్దేశం. నడవొద్దంటే పరుగెత్తుతారేమో, దానికీ ఓ ముక్క చేర్చండి మేస్టారూ అని హేమసుందర్ గారు నవ్వారు. ఫైలులో హాస్యానికి స్థానం లేదు.

జూలై 15, ఆదివారం

పోలేరమ్మ చేపల గంపతో వచ్చింది. ఏళ్ళ తరబడి ఆదివారాలు మా ఇంటికి చేపలు తెచ్చేది ఆమే. అవతలి గట్టు నుంచి ఆ వంతెన మీదుగానే వస్తుంది. వంతెన తెగ ఊగుతోందండయ్యగారూ, తమరు ఆ ఆఫీసేగా, నడవొచ్చో కూడదో చెప్పండి అని అడిగింది. విషయం పరిశీలనలో ఉందన్నాను. మీరు పరిశీలించేలోగా నేను కాలవలో పడితే ఈసారి చేపలే నన్ను బేరమాడతాయండీ అంది. నా భార్య ఛాయాదేవి నవ్వింది. బోర్డు వెలువడకముందే ఉద్యోగి నోటిమాటగా చెప్పడం పద్ధతి కాదు.

బొచ్చె చేప బాగుంది.

జూలై 17

ఆఫీసుకు రోడ్డు వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాను.

జూలై 20

రిటైర్డ్ ఇంగ్లిషు లెక్చరర్ వెంకటకృష్ణారావు గారి అభిప్రాయం కోరాం. మూడూ ఒప్పే, ఏదో ఒకటి రాసి తగలెయ్యండి అన్నారట. సమాధానం నిర్దిష్టంగా లేనందున తిప్పి పంపాం. బోర్డు వరండాలో గోడకు ఆనించి ఉంది. తెలుగైనా రాసి పాతేసి వస్తాను సార్, జనం నడుస్తున్నారు అని పెయింటర్ సొలొమోను అడిగాడు. సగం బోర్డు అనేది ఉండదని బోధపరిచాను.

జూలై 24, ఉదయం

కాలువకు నీళ్ళు నిండుగా వదిలారు.

సాయంత్రం

పలక విరిగి పోలేరమ్మ పడిపోయింది. దిగువన, లాకుల దగ్గర దొరికింది.

జూలై 25

‘ఆన్’ ఆమోదం పొందింది. సూర్యప్రకాష్ గారు నన్ను అభినందించబోయి, ఆగి, టీ తెప్పించారు. మధ్యాహ్నానికి సొలొమోను బోర్డు పాతి వచ్చాడు.

ఆగస్టు 19, ఆదివారం

పోలేరమ్మ కోడలు ఉష గంప తెచ్చింది. ఇంత ఆలస్యమేమని ఛాయాదేవి అడిగింది. రోడ్డు వంతెన మీదుగా తిరిగొచ్చానండీ అంది. బోర్డు చదివావా అని నేనడిగాను.

నాకు చదువెక్కడిదండీ, ఎర్రగా కనపడితే వెనక్కి మళ్ళాను అంది.