తరాజులో నువ్వు, నేను

శారదక్కా,

ఎట్లున్నావని అడగలేను కదా... అయినా నోటికి అదే వస్తోంది. నువ్వు ఎండాకాలం సెలవుల్లో పోయావు. ఇప్పుడు సుల్తానాబాద్ దగ్గర వరి కోతలు నడుస్తున్నాయి.

ఒకటో తరగతిలో నువ్వు చదువు చెప్పిన పిల్లలు రెండులోకి వచ్చారు. వాళ్లను నాకిచ్చారు. ఇచ్చారనే గానీ, నావాళ్లయ్యారా? ఏం చెప్పినా, శారద టీచర్ ఇట్లా చెప్పలేదంటారు. నువ్వు టీచర్‌వి, నేను మేడంని. పోయిన మనిషి మీద కుళ్లుకోవచ్చా అక్కా? నేను కుళ్లుకుంటున్నాను.

ఏ సంఖ్య పెద్దదో చెప్పడానికి అట్ట మీద తరాజు గీసి రంగులేశాను. ఒక పళ్లెంలో నలభై ఏడు, ఇంకోదాంట్లో యాభై రెండు. యాభై రెండు కిందికి దిగి ఉంది. ఏది పెద్దదంటే, నలభై ఏడని క్లాసంతా అరిచింది!

వాళ్లు తరాజును ఎక్కడ చూశారు? వడ్లు తూచే కాంటా మీద కూడా ఇప్పుడు ఎర్ర అంకెలే వెలుగుతాయి. నా బొమ్మ వాళ్లకు పార్కులో చెరో చివర కూర్చుని ఊగే బల్లలా కనిపించింది. దాంట్లో పైకి లేచినవాడే గెలిచినట్టు.

నువ్వైతే నువ్వే తరాజువయ్యేదానివి. రెండు చేతులకూ బడి సంచులు తగిలించుకుని, బరువున్న వైపు ఒరిగి, "అవ్వో... నా చెయ్యి ఊడింది బిడ్డా!" అని మొత్తుకునేదానివి. పక్క గదిలో నా పిల్లలు కూడా పాఠం వదిలేసి నవ్వేవాళ్లు. మొన్న నేనూ సంచులు పట్టుకుని ఒరిగాను. ఎవరూ నవ్వలేదు. నడుము నొస్తుందా మేడం అని ఒక పిల్ల జాలిగా అడిగింది.

"జర నవ్వు పిల్లా, అంకెలేం కరవయి" అనేదానివి. మా ఇంట్లో అంకెలు నేర్చిన మొదటి మనిషిని నేను. తప్పు పోతుందేమోనని భయపడుతూనే నేర్చాను. నవ్వుతూ ఎట్లా నేర్పాలి...?

వదల్లేదు. కర్రకు సంచులు కట్టి, ఏది కిందికి పోతుందో వాళ్ల చేతులతోనే చూపించాను. రోజూ.

నిన్న లావణ్య పలక మీద తరాజు గీసి తెచ్చింది. ఒక పళ్లెంలో నువ్వు, ఇంకోదాంట్లో నేను. నీ పళ్లెం నేలకు ఆనింది. నాది ఆకాశంలో ఉంది. ఆ పిల్లకు నా పాఠం రాకుంటే నేను పెద్ద. వచ్చి ఉంటే...

మధ్యలో ఎక్కువ తక్కువల గుర్తు పెట్టమన్నాను. పెట్టింది. తెరిచిన నోరు నీ వైపే. ఒక్క తప్పు లేదు.

శభాష్ అన్నాను. ఇంకేమనాలి?

సోమవారం సమానం గుర్తు మొదలుపెడతాను. చూస్తూ ఉండు.

నీ పక్క గది
రమ