మోడెమ్ మీద నీ అల్లిక

ఆగస్టు నెల, ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. కారుతున్న వంటింటి కుళాయికి వాషర్ మార్చాను.

సరోజా, మన బారిడీహ్ స్టీలు ప్లాంటు క్వార్టరుకి ఇంటర్నెట్ వచ్చింది. ఫోను తీగకి మోడెమ్ అనే చిన్న పెట్టె తగిలించారు. మన పద్మకి ఇంట్లో కూర్చుని చేసే టైపింగు పని దొరికింది. కానీ నెట్ మాటిమాటికీ తెగిపోయేది. ఇలాగే ఉంటే ఆ పని వదులుకోవాల్సిందేనని పిల్ల దిగులు పడింది. పోయిన వారం నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే, పెట్టె మీద ఏమైనా కప్పారా అని అవతలి మనిషి అడిగాడట. పద్మ నా వైపు చూసింది.

కప్పింది నేనే. ప్లాంటు దుమ్ముకి భయపడి నువ్వు రేడియోని, టీవీని, ఆఖరికి మిక్సీని కూడా బోసిగా ఉంచలేదు కదా. ఫోను కోసం నువ్వు అల్లిన తెల్ల లేసు గుడ్డ దీనికీ సరిపోయింది. తీసి చూస్తే పెట్టె ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

"మీయమ్మయితే దీన్నిలా వదిలేసేదేటి?" అన్నాను.

"అరే నాన్నా, మమ్మీ అయితే దీనికి స్వెటర్ భీ అల్లేసేది," అని పద్మ నవ్వింది.

గుడ్డని మడిచి బీరువాలో పెట్టబోతూ నా మొహం చూసి ఆగింది. "కింద వేత్తే ఏటవుద్ది?" అంటూ పెట్టె కిందే పరిచింది. అప్పటి నుంచి నెట్ తెగలేదు.

దుమ్ము పైనుంచి కదా పడేది అంటావు నువ్వు. అందుకే పెట్టె పైభాగం రోజూ నేనే తుడుస్తున్నాను. ఇవాళ తుడిచాక బియ్యం ఏరి, పద్మకి టీ పెట్టి, నీ పటం ముందు కూర్చుని ఇది రాస్తున్నాను.