ప్రధానం నాడు అడగని మాట

కార్ఖానా,
సికింద్రాబాద్.

అక్కకు,

నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమంగానే ఉన్నాను. నువ్వు, బావగారు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో అయితే అమ్మ పక్కనే ఉంటుంది, అందుకని రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. హాస్టల్‌లో బట్టలు ఆరవు. కూరల్లో కారం తప్ప రుచి లేదు. వీలైతే గోంగూర పచ్చడి పంపు. బెంగ పడకు, తింటున్నాను. కాని ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పని అవగానే తిరుమలగిరి దాకా నడుస్తాను, మళ్లీ నడిచే వస్తాను.

ప్రెస్సులో ఈ నెలంతా ఒక రిటైరైన మాస్టారి పుస్తకం టైపు చేశాను. పూర్వం యూదుల పెళ్లిళ్లు ఎలా జరిగేవో రాశారాయన. వాళ్లకూ ముందు ప్రధానం, తర్వాత పెళ్లి. ప్రధానం అయిన రోజు నుంచే ఆ పిల్ల అతని భార్య కింద లెక్కట. కాపురానికి వెళ్లడానికి మాత్రం ఏడాది గడువు. ఈలోగా వద్దనుకున్నా విడాకుల పత్రం రాయాల్సిందే. ఇదంతా మామూలుగా కొట్టుకుంటూ పోయాను. పిల్ల ఒప్పుకోకపోతే ప్రధానం చెల్లదన్న చోట చెయ్యి ఆగింది. నిజమేనా అని మాస్టారిని అడిగాను. వాళ్ల ధర్మశాస్త్రంలో అలాగే ఉందమ్మా అన్నారు.

మాఘంలో నా ప్రధానం గుర్తుందిగా. తాంబూలాలు మార్చుకున్నారు, ఫోటోలు దిగాం. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నోరు తెరవలేదు, ఆ తప్పు నాదే. వాళ్ల మేడ మీద మాకోసం గది కట్టడం అవగానే ముహూర్తం పెట్టిద్దామన్నాడు శ్రీకాంత్. అప్పటినుంచి ఎప్పుడడిగినా ఇంకా అవలేదనే మాట.

పోయిన ఆదివారం చెప్పకుండా బోయిగూడలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు టీ ఇచ్చి, గది ఎండాకాలంలోనే అయిపోయింది, నీకు చెప్పలేదా బిడ్డా అన్నారు. పైకెళ్లి చూశాను. సున్నం వేసి ఉంది, ఫ్యాను తిరుగుతోంది, కిటికీకి పరదా కూడా కట్టారు.

ఇంతలో శ్రీకాంత్ వచ్చాడు. ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను. మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

"ప్రధానం నాడు నువ్వు ఒక్కసారి సుత తల ఎత్తలే. నీకు ఇష్టం లేదేమో అనిపించింది. అడుగుదామంటే భయమైంది. గది పేరు చెప్పి రోజులు జరిపిన."

"అయితే ఇప్పుడు అడగండి," అన్నాను.

అడిగాడు. మంచివాడక్కా, పెట్టడానికి వంకేమీ లేదు. ఔననడమే సులువు. కాని నా నోట్లోంచి "నాకు ఇష్టం లేదండీ" అనే వచ్చింది. అతను వానలో బస్టాపు దాకా తోడొచ్చాడు.

"మా ఇంట్ల నేను చెప్త. మీ అమ్మకు నువ్వే చెప్పాలె," అన్నాడు.

అప్పటినుంచి ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. వేరే ఎవరో ఉన్నారని అమ్మ అనుకుంటుంది. ఎవరూ లేరు, నీ మీద ఒట్టు. వాళ్లు పెట్టిన చీర అక్కడ ఇంట్లో నా ట్రంకులో ఉంది, మడత విప్పలేదు. వాళ్లకు మర్యాదగా చేర్పించు. ఆ అబ్బాయిని మనవాళ్లెవరూ మాట అనకుండా చూడు. నేను బాగానే ఉన్నాను, నిద్ర ఒక్కటే సరిగ్గా పట్టడం లేదు.

బావగారికి, అమ్మకు నా నమస్కారాలు. మీ దీవెనలు మునుపటికన్నా ఇప్పుడే కావాలి. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. ఇంటికి రావచ్చో, కొన్నాళ్లు ఆగాలో అమ్మనే అడిగి, ఆమె ఏమంటే అది, మార్చకుండా రాయి.

నీ చెల్లెలు,
సుజాత