నలభై ముగ్గురు పెద్దల బరువు

ముకోనో
మార్చి 11, బుధవారం

వదినగారికి నమస్కారం.

ఈ ఉదయం 9 గంటల 10 నిమిషాలకు నా కంప్యూటర్ నుంచి మీకు ఐదు ఈమెయిళ్ళు ఒక్కసారిగా వెళ్ళిపోయాయి. వాటిని మీరు చదివేలోపే ఈ కాగితం అందాలని మీ ఊరికొచ్చే మసాకా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

మీ మనవడు కిజ్జాకు మా మనవరాలు నాకిట్టోను అడగడానికి ఈ శనివారం వస్తామని మీరు కబురు పంపగానే, ఫిబ్రవరి 16నే సమ్మతి రాశాను. మీరు వచ్చిన రోజు అబ్బాయి ఎవరినీ తప్పు పేరుతో పలకరించకూడదని మా వంశం పెద్దలు నలభై ముగ్గురి ఫొటోలూ జతచేశాను. ఆ బరువుకు అది అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుని, వెనకవాటికి దారి ఇవ్వలేదట. మీరేమో నా జవాబు కోసం చూస్తున్నారు. నేనేమో మీరు పలకడం లేదనుకుని కోపంతో ఇంకో ఐదు రాశాను.

బాగుచేయడానికి వచ్చిన లుబోవా కూడా మనవడిలా, "జజ్జా, ఓ పాతికమంది పెద్దల్ని తీసేస్తే ఉత్తరం వెళ్తుంది" అన్నాడు.

"ఎవర్ని తీశావో వాళ్ళింటికి నువ్వే వెళ్ళి చెప్పు" అన్నాను.

అతను భయపడి మొత్తం ఉత్తరాన్నే పక్కకు తీశాడు. సమ్మతి ఇక్కడే ఆగింది, కోపం మీకు వెళ్ళింది. "నా పెళ్ళి నువ్వే చెడగొట్టావు జజ్జా" అని నాకిట్టో పొద్దుటి నుంచి తిండి ముట్టలేదు.

ఇక జరగవలసినవి:

1. దీనితో పెట్టిన సమ్మతి పత్రం ముందుగా చదవండి.
2. ఈమెయిళ్ళలో మొదటి నాలుగూ తెరవకండి.
3. శనివారం పది గంటలకల్లా అందరూ రండి.
4. ఐదోది అన్నిటికన్నా పైన కనబడుతుంది, ఎలాగూ తెరుస్తారు; అందులో మీ పెంపకం గురించి రాసింది తప్పు. దానికి క్షమాపణ చెబుతాను, అందరి ముందు కాదు, వంటింట్లో.